కుంపటి కోటు

కిందటి వారం మీరు నన్ను వదిలిపెట్టినప్పుడు నేను శీతల గిడ్డంగి గేటు ముందు నిలబడి ఉన్నాను. చేతిలో స్క్రూడ్రైవరుంది. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. కాకపోతే వాచ్‌మన్ నా చేత పుస్తకంలో సంతకం పెట్టించుకుని, ‘ఏ పని మీద’ అనే గడిలో ఏం రాయాలో తెలీక నా మొహంలోకి చూస్తున్నాడు. మరమ్మతు అని రాసుకోమన్నాను. దేనికి మరమ్మతు చెయ్యాలో నాకూ తెలియదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు గబగబా చెప్పేస్తాను. నాకు ఆట్టే వ్యవధి లేదు. పదకొండున్నర అయింది, మూడింటికి తనిఖీ అధికారి వస్తాడు.

ఈ గిడ్డంగిలో మూడో గది ఎప్పుడూ మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలిలో ఉంటుంది. ఐస్‌క్రీములు, గడ్డకట్టిన కూరగాయలు అందులో పెడతారు. లోపల ఇరవై నిమిషాలకి మించి ఎవరూ ఉండకూడదు. ఉంటున్నారో లేదో కనిపెట్టడానికి నేనొక ట్యాగు తయారుచేశాను. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఇక్కడ పనిచేసే ప్రతి మనిషి చలికోటులోనూ ఒకటి కుట్టించాను. తలుపు మీద బిగించిన పెట్టె ఆ ట్యాగుని రేడియోతో గుర్తుపడుతుంది. ఎవరు లోపలికి వెళ్ళారో, ఎవరు బయటికి వచ్చారో నడవలోని బోర్డు మీద పేర్లు వేస్తుంది. లోపలున్న మనిషి రెండు నిమిషాలు కదలకపోతే ట్యాగులోని సెన్సర్ పసిగడుతుంది, బోర్డు కూత పెడుతుంది. ఇంతవరకూ నా గొప్ప.

ఇక నా ఖర్మ. నాలుగు రోజుల కిందట సాయంత్రం, అందరూ కుంపటి అని పిలిచే పెద్దాయన ఆ గదిలో నిచ్చెన మీంచి జారి తల పగలగొట్టుకుని, గంటకి పైగా పడి ఉన్నాడు. లోపల్నించి తలుపు తెరిచే పిడి ఉంది. స్పృహ లేని మనిషికి పిడి ఎందుకు? ఆస్పత్రిలో చేర్చారు, ఇంకా కళ్ళు తెరవలేదు. నా బోర్డు రికార్డు చూస్తే ఆయన నాలుగుంబావుకే బయటికి వచ్చేశాడు. ఐదింటికి గదిలో మనుషులు సున్నా. ఆ సున్నాని చూసి తలుపు గడియ వేయించినవాడు షిఫ్టు ఇన్‌చార్జి. ఆ షిఫ్టు ఇన్‌చార్జి మా అన్నయ్య.

అర్థమైంది కదా. ట్యాగు తప్పు చూపించిందంటే నా కొంప మునుగుతుంది. ట్యాగు ఒప్పే అంటే అన్నయ్య ఏదో దాస్తున్నట్టు, వాడి ఉద్యోగం పోయి జైలుకి కూడా వెళ్ళొచ్చు. మేనేజరు నిన్న ఫోన్ చేసి, ‘‘చలికి బ్యాటరీ చచ్చిందని ఒక కాగితం రాసివ్వండి మేడమ్, అందరం బయటపడతాం’’ అన్నాడు. ఈ ట్యాగులు ఇంకో ఆరుచోట్ల ఉన్నాయి. నేను ఆ కాగితం రాస్తే రేపే ఆరుచోట్లా పీకి చెత్తబుట్టలో వేస్తారు. అవి వేసుకుని గనుల్లోకి దిగేవాళ్ళు కూడా ఉన్నారు. రాయనన్నాను. రాయనని గట్టిగానే అన్నాను గానీ అప్పట్నించీ నాకు నిలకడ లేదు, కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ ఉంది.

అన్నయ్య నడవ చివర్నించి వస్తూ కనిపించాడు. పెన్ను మూత నములుతున్నాడు. నాలుగు రోజుల్లో మనిషి సగమయ్యాడు.

‘‘మళ్ళీ ఎందుకొచ్చావే?’’ అన్నాడు.

‘‘తలుపు మీది పెట్టె దింపాలి.’’

‘‘రికార్డంతా బోర్డులోనే ఉంది కదా. మొన్న నువ్వే పట్టుకెళ్ళావు.’’

‘‘నిచ్చెన తెప్పించు.’’

అన్నాక గానీ గుర్తురాలేదు, ఈ గిడ్డంగిలో ఉన్నది ఒక్కటే నిచ్చెన. అన్నయ్య వెళ్ళి తనే మోసుకొచ్చాడు. కింది మెట్టు వంక ఇద్దరం చూశాం. రక్తం తుడిచేశారు, శుభ్రంగా ఉంది. అయినా నేను దాని మీద కాలు పెట్టలేదు.

‘‘పోనీ నేనెక్కుతాను,’’ అన్నాడు.

‘‘ఏ స్క్రూ ఎటు తిప్పాలో నీకు తెలిసేడిస్తే కదా! పట్టుకో.’’

ఎక్కాను. కింద తడినేల, తలుపుకి వేలాడే మందపాటి ప్లాస్టిక్ పట్టీలు, ఎదురుగోడకి నా బోర్డు. బోర్డు కింద బల్ల, దాని మీద టీ ఫ్లాస్కు. చలిలోంచి బయటికొచ్చినవాళ్ళు కోటయినా విప్పకుండా ముందు ఆ ఫ్లాస్కు దగ్గరికే పరుగెత్తుతారు. మొదటి స్క్రూ తుప్పుపట్టి కదలనంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మా వదిన.

‘‘ఏమ్మా ఆడపడుచూ, అన్నాచెల్లెళ్ళు కొట్టుకోవడం అయిపోయిందా, ఇంకా మొదలెట్టలేదా?’’

‘‘నిచ్చెన మీదున్నాను వదినా.’’

‘‘ఉండు, ఉండు. ఆయన కింద ఉన్నాడా? పొద్దున్న పిల్లల టిఫిన్ డబ్బాల్లో మంచినీళ్ళు పోసి మూత పెట్టాడు మీ అన్నయ్య. బళ్ళో పిల్లలు డబ్బా తెరిస్తే చెరువు! కంచం ముందు కూర్చుంటాడు, లేచిపోతాడు. ఏమైందయ్యా అంటే గోడకి చెబుతాడు. నువ్వు నాకు ఒక్క మాట చెప్పు. ఆయన్ని లోపలేస్తారా?’’

నేను తుప్పుపట్టిన స్క్రూనే తిప్పుతున్నాను.

‘‘సరేలే,’’ అంది వదిన. గొంతు మారింది. ‘‘వేస్తే క్యారేజీ మాత్రం ఒక రోజు నేను, ఒక రోజు నువ్వు. ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత పేచీ పెట్టకు.’’ ఫోన్ పెట్టేసింది. ఏడుస్తోందని నాకు తెలుసు.

కోపమొస్తే నాకు చేతులు బాగా పనిచేస్తాయి. స్క్రూ ఊడింది.

‘‘అన్నయ్యా,’’ అన్నాను పైనించే. ‘‘ఆ రోజు చెరుపు నొక్కావా?’’

నిచ్చెన సన్నగా ఊగింది.

ఈ చెరుపు సంగతి మీకింతవరకూ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. బోర్డు పెట్టిన కొత్తల్లో అన్నయ్య రోజూ మా ఇంటికొచ్చి తల పట్టుకునేవాడు. ‘‘నీ కాకి రోజుకి ముప్పైసార్లు కూస్తోందే! ఎవడో ఒకడు పెట్టె మీద చతికిలపడి రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకుంటే చాలు, మనిషి చచ్చాడని గోల. కూసిన ప్రతిసారీ రికార్డులో పడుతోంది, పై ఆఫీసు వాళ్ళు ఫోను చేసి దులిపేస్తున్నారు. నీకు పుణ్యముంటుంది, ఒక్క బటన్ పెట్టవే అమ్మడూ. నొక్కితే కూత ఆగాలి, పేరు పోవాలి, రికార్డులో అసలేమీ జరగనట్టుండాలి.’’ ఇంకెవరైనా అడిగితే గుమ్మం చూపించేదాన్ని. అడిగింది అన్నయ్య. ఒక్క పూటలో బోర్డు మీద ‘చెరుపు’ అనే బటన్ పెట్టిచ్చాను.

కాకపోతే నేను ఎవర్నీ పూర్తిగా నమ్మే రకం కాదు. అన్నయ్యకి కూడా చెప్పకుండా తలుపు మీది పెట్టెలో చిన్న జ్ఞాపకం ఒకటి దాచాను. బోర్డులో చెరిపినా పెట్టెలో చెరగదు. చెరుపు నొక్కినప్పుడు బోర్డుకి అతి దగ్గరగా ఏ ట్యాగు ఉందో అది కూడా రాసుకుంటుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకొక్కదానికే తెలుసు. నాలుగు రోజులుగా దాన్ని దింపి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అదీ అసలు విషయం.

‘‘నొక్కలేదు,’’ అన్నాడు అన్నయ్య. ‘‘ఎన్నిసార్లు చెప్పాలి? ఆ టైముకి నేను లోడింగు దగ్గరున్నాను. లారీ డ్రైవరుతో గొడవ. అయిదింటికొచ్చి చూస్తే సున్నా ఉంది, గడియ వేయించాను.’’

‘‘ఒట్టు?’’

‘‘పిల్లల మీద ఒట్టు.’’

పెట్టె చేతిలోకొచ్చింది. ‘‘ఇప్పుడు తెలుస్తుందిలే,’’ అని దిగాను.

షిఫ్టు గది పట్టుమని పదడుగులుండదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కాళ్ళ దగ్గర గదిని వెచ్చబెట్టే హీటరు, గోడకి మేకులు, మేకులకి కోట్లు. తలుపు దగ్గరేసి పెట్టె మూత విప్పాను. కంప్యూటరుకి తగిలించాను. చెరిపినవీ, చెరుపు నొక్కిందెవరో కూడా ఈ పెట్టెలో దాగి ఉంటాయని చెప్పగానే అన్నయ్య మొహంలో రంగు మారింది.

‘‘నా మీద కాపలా పెట్టావన్నమాట.’’

‘‘అందరి మీదా పెట్టాను.’’

‘‘అందరిలో నేనూ ఉన్నానన్నమాట.’’

ఆ మాట నాకు సూటిగానే తగిలింది. కానీ తెర మీద అక్షరాలు పడుతున్నాయి, ఆగి బాధపడే తీరిక లేదు. ఆ రోజుది వెతికి పైకి చదివాను.

‘‘నాలుగూ అయిదు, కుంపటి లోపలికి. నాలుగూ అయిదు, లేబులక్క లోపలికి.’’

లేబులక్క అంటే పెట్టెల మీద లేబుళ్ళు అంటించే ఆవిడ. యాభై దగ్గరపడుతోంది, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పని. ఆ సాయంత్రం కుంపటి కోసం వెతికి, గడియ తీయించి, గదిలోంచి ఆయన్ని ఈడ్చుకొచ్చింది ఆవిడే.

‘‘నాలుగుంబావు, కుంపటి బయటికి. నాలుగూ పద్దెనిమిది, లేబులక్క కదలిక లేదు, కూత.’’ కింది వరస చదివాను. ‘‘నాలుగూ ఇరవై, చెరుపు.’’

తెర మీంచి తల తిప్పి అన్నయ్య వంక చూశాను.

‘‘కూసింది అన్నయ్యా. నా ట్యాగు కూసింది! లోపల ఎవరో కదలకుండా పడున్నారని రెండు నిమిషాలు గొంతు చించుకుంది. నువ్వొచ్చి దాని నోరు నొక్కేశావు!’’

‘‘నేను కాదే!’’

‘‘ఇంకెవరు? పేరు లేబులక్కది. లేబులక్క బయట టీ తాగుతూ నీ కళ్ళ ముందే కనబడి ఉంటుంది. ఈ డబ్బాకి పిచ్చెక్కింది అనుకుని నొక్కి ఉంటావు. పిల్లల మీద ఒట్టేశావు కదరా! వాళ్ళ మొహం ఎలా చూస్తావు?’’

వాణ్ణి రా అన్నాను. చిన్నప్పుడు కూడా అనలేదు. అన్నయ్య నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. బల్ల మీదికి వంగి వేలితో తెర చూపించాడు.

‘‘కిందికి లాగు. నొక్కిందెవరో అది రాసుకుంటుందన్నావు కదా. లాగవే!’’

లాగాను.

నొక్కిన ట్యాగు: కుంపటి.

మూడుసార్లు చదివాను. కళ్ళు నులుముకుని నాలుగోసారి చదివాను. మూడో గదిలో స్పృహ లేకుండా పడున్న మనిషి, బయట నడవలో నిలబడి, తన ప్రాణం కోసం మోగుతున్న కూతని తనే ఆపేశాడట. అన్నయ్య నవ్వాడు. అది నవ్వేనా అంటే చెప్పలేను. ‘‘నీ పెట్టెకి దెయ్యం పట్టింది,’’ అన్నాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. గోడ మేకులకి వేలాడుతున్న కోట్ల వంక చూస్తూ ఉండిపోయాడు.

‘‘ఏంటి?’’ అన్నాను.

‘‘కోట్లు మార్చుకుంటారు,’’ అన్నాడు నెమ్మదిగా.

‘‘ఎవరు?’’

‘‘అందరూ. లోపల్నించి వచ్చేసరికి చెమటకి లోపలంతా తడి అవుతుంది. ఆరేసుకునే కడ్డీకి ఆరు కోట్లే పడతాయి. తడి కోటేసుకుని మళ్ళీ చలిలోకెళితే ఎముకలు కొరుకుతాయి కదా. అందుకని బయటికొచ్చేవాడు వెచ్చగా ఉన్నప్పుడే తన కోటు విప్పి వెళ్ళేవాడికిస్తాడు. ఒక్కోసారి లోపలే మార్చుకుంటారు. కుంపటి కోటుకైతే పోటీ. ఆయనకి ఒళ్ళంతా వేడే. ఆయన పది నిమిషాలు వేసుకున్న కోటు పొయ్యి దగ్గర కాచినట్టుంటుంది. ఆ పేరు ఎందుకొచ్చిందనుకున్నావు?’’

ట్యాగుని కోటుకి కుట్టించింది నేను. మెడలో వేసుకోమంటే పారేసుకుంటున్నారని, కోటయితే పోదని, మహా తెలివిగా నేనే కుట్టించాను. నాలుగు నెలలు నా గదిలో కూర్చుని బ్యాటరీ కొలిచాను, రేడియో దూరం కొలిచాను, గడ్డకట్టే చలిలో పెట్టి కొలిచాను. ఒక కోటు ఒక మనిషిదే అయి ఉంటుందా అని ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు.

‘‘ఎనిమిది నెలల్నించీ ఒక్కరూ చెప్పలేదేం?’’

‘‘కోట్లు మార్చుకోకూడదని రూలుంది. ఎవరు చెబుతారు? అయినా నువ్వెప్పుడడిగావు?’’

‘‘నీకు తెలుసు కదా. నువ్వు చెప్పొచ్చు కదా!’’

‘‘నీ ట్యాగు మనిషిని చూస్తుందనుకున్నానే. కోటుని చూస్తుందని నాకేం తెలుసు?’’

బల్ల మీద చెయ్యి పెట్టి ఊపిరి తీసుకున్నాను. నాలుగుంబావుకి బయటికొచ్చింది కుంపటి కాదు, కుంపటి కోటు. లోపల కదలకుండా పడి ఉన్నది లేబులక్క కోటు, దాని లోపల కుంపటి. మరి కుంపటి కోటులో నడవలోకొచ్చిన మనిషి ఎవరో, టీ ఫ్లాస్కు దగ్గర నిలబడి చెరుపు నొక్కిన చెయ్యి ఎవరిదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇద్దరం ఒకేసారి తలెత్తి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

‘‘వద్దే,’’ అన్నాడు అన్నయ్య.

‘‘పిలువు,’’ అన్నాను. ‘‘ఆవిడ నోటితో వినాలి. మన ఊహ తప్పు కావచ్చు.’’

తప్పు కావాలనే నా కోరిక.

లేబులక్క పిలవగానే వచ్చింది. వేళ్ళకి జిగురు, జుట్టులో ఎక్కడో అంటుకుపోయిన చిన్న లేబులు ముక్క. నన్ను చూడగానే, ‘‘డబ్బాలమ్మాయి వచ్చిందా! నీ డబ్బాకేమైందో తేలిందా?’’ అంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పొద్దున ఆస్పత్రికి వెళ్ళొచ్చిందట. కుంపటి వేళ్ళు కదిలించాడని నర్సు చెప్పిందట. అది చెబుతున్నప్పుడు ఆవిడ మొహం వెలిగింది.

‘‘అక్కా,’’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ‘‘ఆ రోజు నువ్వు బయటికొచ్చినప్పుడు నీ ఒంటి మీద ఎవరి కోటుంది?’’

వెలుగంతా పోయింది. లేబులక్క అన్నయ్య వంక చూసింది. అన్నయ్య కిందికి చూస్తున్నాడు. ఇక దాచి లాభం లేదనుకుందేమో, నిలబడినదల్లా కుర్చీలో కూలబడింది.

‘‘తెలిసిపోయిందా,’’ అంది. ‘‘నాలుగు రోజుల్నించీ గొంతులో ముల్లులా ఉంది తమ్ముడూ. చెబితే నన్ను పన్లోంచి తీసేస్తారని చెప్పలేదు. ఆయనకి తెలివొస్తే కాళ్ళ మీద పడదామనుకున్నాను. నా కోటు జిప్పు ఊడిపోయింది. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఆయనే తన కోటు విప్పి నా భుజాన వేశాడు. ‘ఇది తొడుక్కుని పో, టీ తాగు. పై వరస సర్ది నేనూ వస్తా. నాకు చలేంటి, కుంపటిని!’ అన్నాడు. నా కోటు ఆయనకి భుజాల దగ్గర పట్టలేదు కూడా. నవ్వాను. నవ్వి వచ్చేశాను. ఆ చలికోటుంటే ఆయనకి చేతులు కొంకర్లు పోయేవి కావు, నిచ్చెన జారేది కాదు. నేనే చంపాను ఆయన్ని!’’

‘‘చచ్చిపోలేదక్కా. ఊరుకో,’’ అన్నాడు అన్నయ్య.

‘‘ఐదున్నరకి కోటిచ్చేద్దామని వెతికితే ఎక్కడా లేడు. అప్పుడు తట్టింది, లోపలే ఉన్నాడని.’’ చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, నీళ్ళ వెనక కోపముంది. ‘‘నాది తప్పే, ఒప్పుకుంటాను. మరి నీ డబ్బా ఏం చేస్తోంది? మనిషి కదలకపోతే అరుస్తుందన్నావు కదా? అందర్నీ కూర్చోబెట్టి చెప్పావు కదా? అరవలేదేం?’’

అరవలేదక్కా, చలికి బ్యాటరీ చచ్చింది అనాల్సింది. ఆ ఒక్క అబద్ధం ఆవిడకి చాలేది. నా పౌరుషం నన్ను ఊరుకోనిచ్చిందా?

‘‘అరిచింది,’’ అన్నాను. ‘‘ఆయన పడిపోయిన రెండు నిమిషాలకే అరిచింది.’’

‘‘మరి?’’

‘‘ఎవరో చెరుపు నొక్కారు.’’

అన్నయ్య నా కాలు తొక్కాడు. తొక్కి లాభమేంటి, మాట దాటిపోయింది. లేబులక్క కొంతసేపు అర్థంకానట్టు చూసింది. తర్వాత లేచి నిలబడింది.

‘‘ఎవరు?’’ అంది. ‘‘మనిషి చస్తున్నాడని అది అరుస్తుంటే దాని గొంతు పిసికింది ఎవరు? వాళ్ళ చేతులు పడిపోనూ! వాళ్ళింట్లో దీపం పెట్టే దిక్కు లేకపోనూ! రెండు నిమిషాలకే తలుపు తీసుంటే ఆయన ఇప్పుడు నాతో కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు కదా! చెప్పు, డబ్బాలమ్మాయ్, నీ పెట్టెలో పేరుంటుంది కదా. పేరు చెప్పు. నేను చూసుకుంటాను.’’

ఆ చేతులే నా ముందున్నాయి. గోళ్ళ సందుల్లో జిగురు ఎండిపోయి ఉంది.

ఆవిడకి గుర్తులేదు. గుర్తుండాల్సిన పనేముంది? రోజుకి ముప్పైసార్లు కూసే కాకి. టీ తాగుతుంటే బోర్డు మీద తన పేరు, పక్కన ‘కదలిక లేదు’ అని. ‘నేనిక్కడే ఉన్నానుగా, చెయ్యి కదులుతోందిగా’ అని నవ్వుకుని, ఫ్లాస్కు మూత తిప్పినంత మామూలుగా నొక్కేసి ఉంటుంది. పక్కనున్నవాళ్ళూ నవ్వి ఉంటారు. ఎవరి పేరు అరిస్తే వాళ్ళే నొక్కుకోవడం ఇక్కడ అందరికీ అలవాటై ఉండాలి. నా మొహం ఎలా ఉందో ఏమో, ‘‘మాట్లాడవేం?’’ అని గద్దించింది.

‘‘తెలీదక్కా, పెట్టె ఇంకా పూర్తిగా తెరవలేదు,’’ అన్నాడు అన్నయ్య నాకు అడ్డమొచ్చి. ‘‘కాసేపు కూర్చో. టీ తెప్పిస్తాను.’’

నా రెక్క పట్టుకుని నడవలోకి లాక్కొచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

‘‘చెప్పకు,’’ అన్నాడు.

‘‘ఎన్నాళ్ళు చెప్పకుండా ఉంటావు? ఇంకో మూడు గంటల్లో వాళ్ళొస్తారు. వాళ్ళకేం చెప్పాలి?’’

‘‘ఆమెకి తెలిస్తే బతకదే. నీకు తెలీదు, నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని తింటున్నారు. ఎవరి పేరొస్తే వాళ్ళు నొక్కేసుకోండి, నన్ను పిలవకండి అని అందరికీ చెప్పింది నేను. విసుగొచ్చి చెప్పాను. నొక్కమన్నది నేనైతే వేలు ఎవరిదైతే ఏంటి?’’

‘‘బటన్ పెట్టింది నేను,’’ అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ‘‘పిల్లల మీద ఒట్టేసినా నమ్మలేదు. నన్ను క్షమించు అన్నయ్యా.’’

‘‘ఛ, ఊరుకో. రా అన్నావు చూడు, అది మాత్రం మీ వదినకి చెబుతాను.’’

నవ్వబోయాం. నవ్వు సగంలో ఉండగానే గేటు దగ్గర హారన్ వినిపించింది. వాచ్‌మన్ పరుగెత్తాడు. నడవ చివర మేనేజరు టై సర్దుకుంటూ కనబడ్డాడు. అతని పక్కన సన్నగా పొడుగ్గా ఒకాయన, చంకలో ఫైలు. చేతి గడియారం చూసుకున్నాను. పన్నెండుంబావు. మూడింటికి రావాల్సిన మనిషి.

‘‘ఇంకో పని తొందరగా అయిపోయింది,’’ అన్నాడు అధికారి నా ఎదురుగా ఆగి. ‘‘ట్యాగులు తయారుచేసింది మీరే కదా మేడమ్? మంచిది. అందరూ ఇక్కడే ఉన్నారు, ఇప్పుడే మొదలుపెడదాం.’’

షిఫ్టు గదిలోకే నడిచాడు. లేబులక్క లేచి గోడకి ఆనుకుంది, బయటికి వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళమనలేదు. అధికారి ఆవిడ లేచిన కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు నాకు కళ్ళతోనే కాగితం, కాగితం అని సైగ చేస్తున్నాడు. బల్ల మీద నా పెట్టె పొట్ట విప్పుకుని పడుంది. కంప్యూటరు మూత సగం వాల్చి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆ మూత కింద ఒక్క వరసలో అంతా ఉంది.

‘‘నేను అడగబోయేది ఒకటే ప్రశ్న,’’ అన్నాడు అధికారి ఫైలు తెరుస్తూ. ‘‘ఆ బోర్డు మీద కూత ఆపే బటన్ ఒకటుందని విన్నాను. ఆ రోజు దాన్ని ఎవరైనా వాడారా?’’

మేనేజరు దగ్గాడు. నేను మనసులో వాక్యం కూర్చుకుంటున్నాను. బటన్ నాది, తప్పు నాది, కోటుకి కుట్టించింది నేను అని అక్కణ్ణించి మొదలెట్టాలనుకుంటున్నాను. అన్నయ్య నాకంటే ముందున్నాడు.

‘‘వాడాను సార్,’’ అన్నాడు. ‘‘నేనే నొక్కాను.’’

అధికారి కలం ఆగింది.

‘‘నాలుగూ ఇరవైకి. కూత వినబడింది. ఉత్తుత్తి కూతే అనుకుని ఆపేశాను. లోపలికెళ్ళి చూడలేదు. నాదే తప్పు సార్.’’

ఎంత సాఫీగా చెప్పాడు! ఆ టైముకి లోడింగు దగ్గర లారీ డ్రైవరుతో గొడవపడుతున్న మనిషి. వదిన గొంతు నా చెవిలో మోగింది. ఒక రోజు నేను, ఒక రోజు నువ్వు.

లేబులక్క గోడ దగ్గర్నించి కదిలింది. అధికారి ఉన్నాడని చూడలేదు, మేనేజరు ఉన్నాడని చూడలేదు. నేరుగా వచ్చి అన్నయ్య ఎదురుగా నిలబడింది.

‘‘నువ్వా తమ్ముడూ?’’ అంది.

అన్నయ్య తలెత్తలేదు.

చెంప ఛెళ్ళుమంది. ఆ గదికి చాలా పెద్ద చప్పుడు. రెండోసారి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ ఆ చేత్తోనే నోరు మూసుకుని ఏడ్చింది. అన్నయ్య చెంప మీద వేళ్ళు ఎర్రగా తేలాయి. వాడు చెయ్యి కూడా ఎత్తలేదు, దెబ్బ తగిలిన చోట తడుముకోను కూడా లేదు.

‘‘కూర్చోండమ్మా, కూర్చోండి,’’ అన్నాడు అధికారి. అతను మాత్రం అన్నయ్యనే చూస్తున్నాడు. తప్పు తలమీద వేసుకునేవాళ్ళని అతను ఇదివరకు చాలామందిని చూసి ఉంటాడు. కలం మూత పెట్టేశాడు. కుర్చీ నా వైపు తిప్పాడు.

‘‘మేడమ్, మీ పెట్టె కూడా ఇదే చెబుతోందా?’’

అన్నయ్య అప్పుడు తలెత్తాడు. నా వంక చూశాడు. లేబులక్క కూడా ఏడుపు ఆపి, నేనేం చెబుతానా అని నా నోటి వంకే చూస్తోంది.

‘‘మూత తీయండి,’’ అన్నాడు అధికారి.